పిక్క చుట్టూ టేపు

నా సంచిలో ఇప్పటికీ రెండు టేపు చుట్టలు ఉంటాయి. చీలమండ బెణికిందంటే కడతాను. వేలు మడత పడిందంటే పక్క వేలితో కలిపి కడతాను. పిక్కకు మాత్రం కట్టను. పిక్క పట్టేసిందని ఏ పిల్ల వచ్చినా ఐసు పెట్టి, కాలు ఎత్తున పెట్టి, ఆ పూటకు ఆట మానిపించి ఇంటికి పంపుతాను. మేడం పిక్కల దగ్గర బెదురుతుందని పిల్లలు చాటుగా నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనీ.

నేను వరంగల్‌లో ఒక ఆడపిల్లల హైస్కూల్లో పీఈటీని, కబడ్డీ నేర్పిస్తాను. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. పిల్లలు నా అరుపులకు భయపడతారు, మళ్ళీ నా వెనకే తిరుగుతారు. ఒక వేసవిలో మా పీఈటీలందరికీ వారం రోజుల శిక్షణ పెడితే అక్కడ టేపు కట్టడం నేర్చుకున్నాను. తెల్లగా, బట్టలా ఉండే గట్టి టేపు అది, సాగదు. కీలు వంగకూడని వైపు వంగకుండా పట్టి ఉంచుతుంది. దాన్ని చేత్తోనే టప్పున చింపడం, ముడత పడకుండా తిప్పడం నాకు రెండు రోజుల్లో పట్టుబడింది. తరవాత్తరవాత వేరే స్కూళ్ల పీఈటీలు కూడా తమ పిల్లల్ని నా దగ్గరికి పంపేవారు. మీ చేతిలో ఏదో ఉంది మేడం అనేవారు. నిజంగానే ఉందనుకున్నాను. కళ్ళు నెత్తికెక్కాయి.

ఆ శిక్షణ ఇచ్చిన ఫిజియోథెరపిస్టు మెత్తటి మనిషి. రెండు విషయాలు చెప్పేటప్పుడు మాత్రం బల్ల మీద చరిచి చెప్పాడు. ఒకటి, కండ ఉన్న చోట గట్టి టేపును కాలి చుట్టూ పూర్తిగా తిప్పి మూసెయ్యొద్దు. ముందువైపు రెండు వేళ్ళ సందు వదలాలి. పరిగెత్తితే కండ ఉబ్బుతుంది, టేపు సాగదు, లోపల నెత్తురుకు దారి ఉండదు. రెండోది, కట్టిన తరవాత కాలి గోరు నొక్కి చూడాలి. నొక్కితే తెల్లబడాలి, వదిలితే ఒకటి రెండు అనేలోపు మళ్ళీ ఎర్రబడాలి. ఎర్రబడకపోతే ఆలోచించకుండా విప్పెయ్యాలి. రెండూ నోట్‌బుక్కులో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను.

మా జట్టులో ఒక పిల్ల ఉండేది, పదో తరగతి. కొత్తవాడ నుంచి వచ్చేది. తల్లి ఇంట్లోనే మగ్గం మీద జంపఖానాలు నేస్తుంది, తండ్రి భివండీలో మిల్లు పనికి వెళ్ళి ఏడాదికోసారి వస్తాడు. పిల్ల పిట్టంత ఉండేది కానీ రైడుకు వెళ్ళిందంటే నలుగురు మీద పడ్డా జారిపోయి గీత తాకేది. ఇన్నేళ్ళలో అట్లాంటి కాళ్ళు నేను చూడలేదు. దానికున్న ఒకే ఒక చెడ్డ గుణం, నొప్పి చెప్పదు. మోచేయి చీరుకుపోయి నెత్తురు కారుతున్నా మట్టి దులుపుకుని లైన్లో నిలబడేది. ఆ గుణాన్ని నేను మెచ్చుకునేదాన్ని. అందరి ముందు, దీన్ని చూసి నేర్చుకోండే అని కూడా అనేదాన్ని.

అది ఆషాఢం. జిల్లా జట్టుకు సెలక్షన్లు హనుమకొండలో. ముందు రోజు సాయంత్రం ప్రాక్టీసులో ఇంకో పిల్ల మోకాలు వచ్చి దీని ఎడమ పిక్కకు బలంగా తగిలింది. కింద కూర్చుని రెండు నిమిషాలు పళ్ళు బిగించింది. నేను వెళ్ళి నొక్కి చూశాను. కొంచెం ఉబ్బింది.

"ఏం గాలె మేడం, జర పట్టేసింది. పొద్దుగాల వరకు మంచిగైతది" అంది.

దాన్ని అప్పుడే దవాఖానకు తీసుకెళ్ళాల్సింది. నాకు తోచలేదు. అది లేకపోతే రేపు మా జట్టు లేదు, నా తలలో తిరుగుతున్నది అదొక్కటే. పొద్దున ఏడింటికి స్కూలుకు రా, టేపు కడతా, అన్నీ సర్దుకుంటాయి అని చెప్పి పంపించాను.

పొద్దున సన్నగా వాన పడుతోంది. స్కూల్లో ఆటసామాన్ల గదిలో బెంచీ మీద కూర్చోబెట్టి కాలు నా ఒళ్ళో పెట్టుకున్నాను. పిక్క రాత్రికి రాత్రి ఇంకొంచెం లావెక్కింది. చర్మం మీద వేలు పెడితే జారింది.

"అమ్మ రాత్రి నూనె కాగబెట్టి పిసికింది మేడం."

"నూనెలు పెట్టుమన్నది ఎవరే? ఇగ టేపు అంటుకుంటదా?" అని అరిచాను. తువ్వాలుతో రుద్ది రుద్ది తుడిచాను. పిల్ల బెంచీ అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

నేర్చుకున్నట్టే ముందువైపు సందు వదిలి కట్టాను. నూనె చర్మం, పైగా వాన గాలి. కొసలు రెండు నిమిషాల్లో లేచిపోయాయి. మళ్ళీ కట్టాను, మళ్ళీ లేచాయి. ఆటోలు గేటు దగ్గర హారన్ కొడుతున్నాయి. నాకు కోపం వచ్చింది, టేపు మీదా, నూనె మీదా, వాన మీదా. ఈసారి సందు వదల్లేదు. గట్టిగా లాగి పట్టి, పిక్క చుట్టూ పూర్తిగా తిప్పి, కొస మీద కొస వేసి మూసేశాను. ఒక వరస కాదు, ఐదారు వరసలు. టేపు టేపుకు అంటుకుంది కాబట్టి ఇక ఊడదు. చూడ్డానికి ఎంత నున్నగా, ఎంత అందంగా ఉందో.

"జర గట్టిగున్నది మేడం" అంది.

"గట్టిగనే ఉండాలె. వదులుగుంటే కట్టుడెందుకు?"

రెండో నియమం మరిచిపోలేదు. కాలి బొటనవేలి గోరు నొక్కాను. ఆ వారం మా పిల్లలందరి చేతులూ కాళ్ళూ ఎర్రగా పండి ఉన్నాయి. మా ఇళ్ళల్లో ఈద్‌కు మెహందీ పెట్టుకుంటాం, వీళ్ళిళ్ళల్లో ఆషాఢం వచ్చిందంటే గోరింటాకు నూరి, చేతులకే కాదు, కాలి వేళ్ళకూ టోపీల్లా తొడిగేస్తారు. మొన్నటికి మొన్న బలవంతంగా నా చిటికెన వేలికి కూడా పెట్టారు. ఈ పిల్ల కాలి గోళ్ళు పదీ మందారం రంగులో ఉన్నాయి. నొక్కాను, ఎర్రగా ఉంది. వదిలాను, ఎర్రగానే ఉంది. భేషుగ్గా ఉందే అన్నాను. నొక్కినప్పుడు తెల్లబడిందా లేదా అన్నది నేను చూడలేదు. చూద్దామన్నా ఆ గోటిలో కనపడదు. లోపల నెత్తురు ఉన్నా లేకపోయినా ఆ గోరు ఎర్రగానే ఉంటుంది. ఇది ఇప్పుడు రాస్తుంటే చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతిలా ఉంది. ఆ పొద్దున నాకు అర్థం కాలేదు.

మొదటి మ్యాచ్ పదింటికి. పిల్ల కొంచెం కుంటుతూనే ఆడింది, అయినా పాయింట్లు తెచ్చింది. సెలక్షన్ కమిటీవాళ్ళలో ఒకాయన నా వైపు చూసి ఎవరమ్మాయి అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. నాదే అన్నట్టు తలూపాను. గర్వంతో ఒళ్ళు తేలిపోయింది.

మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పారు. అది తినలేదు. టెంటు గుంజకు ఆనుకుని కాలు చాపి కూర్చుంది. పై పెదవి మీద చెమట. నేను దగ్గరికి వెళితే, నన్ను చూడకుండా, నేలను చూస్తూ చెప్పింది.

"లోపట మంట లేస్తాంది మేడం. పిక్క పగులుతదేమో అన్నట్టున్నది. జర ఇప్పుతరా?"

ఆ పిల్ల నోట నొప్పి అన్న మాట నేను వినడం అదే మొదలు. నాలుగేళ్ళలో మొదటిసారి. విప్పెయ్యాలని ఒక క్షణం అనిపించింది, ఆ మాట అబద్ధం కాదు. కానీ వెంటనే ఇంకో లెక్క వచ్చింది. ఇంకో మ్యాచ్ ఉంది. టేపు విప్పితే ఆ నూనె కాలికి మళ్ళీ కట్టడం నా వల్ల కాదు. కట్టు లేకుండా అది ఆడలేదు. వంగి వేళ్ళు చూశాను, గోళ్ళు ఎర్రగా కళకళలాడుతున్నాయి. పాదం పట్టుకుంటే చల్లగా తగిలింది. పొద్దుట్నుంచి తడి నేల మీద తిరుగుతున్నారు, అందరి పాదాలూ చల్లగానే ఉంటాయి కదా అనుకున్నాను. పక్క పిల్ల పాదం పట్టుకుని చూడలేదు.

"ఇప్పుడు ఇప్పితే మళ్ల కట్టుడు కాదు. ఒక్క మ్యాచే ఉన్నది. జర ఓర్చుకో బిడ్డా" అన్నాను.

సరే మేడం అంది. అది ఎప్పుడూ సరే మేడం అనే అంటుంది.

రెండింటికి రెండో మ్యాచ్ కావాల్సింది, వానతో ఆగింది. మ్యాట్ల మీద టార్పాలిన్ పట్టాలు కప్పారు. ఆ గంటసేపూ నేను కమిటీవాళ్ళ దగ్గర కబుర్లాడుతూ ఉన్నాను. మూడు దాటాక పట్టాలు తీశారు. మా పిల్లల్ని లేపడానికి వెళితే అది తలెత్తి చూసింది. ముఖంలో పొద్దుటి బిగింపు లేదు.

"నొప్పి పోయింది మేడం. ఇప్పుడేం తెలుస్తలేదు."

నేను చూసినవా అన్నాను. అక్షరాలా ఆ మాటే అన్నాను. ఓర్చుకుంటే పోతది అన్ననా లేదా, చూసినవా అని దాని నెత్తి నిమిరాను. నా కట్టు పనిచేసిందనుకున్నాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అది లేచి నాలుగడుగులు వేసింది. ఎడమ పాదం ముందుకు లేవడం లేదు, వేళ్ళు నేలకు ఈడ్చుకుంటున్నాయి. మ్యాట్ అంచు తగిలి ముందుకు పడింది. లేచి నవ్వింది, మళ్ళీ నడిచింది, మళ్ళీ అక్కడే తట్టుకుంది. ఈసారి దానికి కూడా నవ్వు రాలేదు. తన పాదం వైపు, అది ఎవరిదో అన్నట్టు చూసింది.

నేను పరుగెత్తి కూర్చోబెట్టాను. వేళ్ళు ఆడించు అన్నాను. కుడికాలి వేళ్ళు ఆడాయి. ఎడమకాలివి ఆడలేదు. కళ్ళు మూసుకోమని వేలి సందులో గిల్లాను.

"ఏడ గిల్లిన్నో చెప్పు."

"ఇంక గిల్లలే కదా మేడం."

అప్పుడు పాదం ఎత్తి అరికాలు చూశాను. గోరింటాకు గోళ్ళకూ వేళ్ళ కొసలకూ ఉంది, అరికాలికి లేదు. అరికాలు సున్నం రంగులో ఉంది. మడమ దగ్గర నీలంగా తిరిగింది. పైన గోళ్ళు మాత్రం పెళ్ళికూతురి గోళ్ళలా ఎర్రగా మెరుస్తున్నాయి. పొద్దుట్నుంచి నేను నొక్కుతున్నది గోరింటాకును. యా అల్లా అన్నాను, పైకే అన్నట్టున్నాను, పిల్లలు నావైపు చూశారు.

ఫస్ట్‌ఎయిడ్ డబ్బాలోని చిన్న కత్తెరతో టేపు కోశాను. కొస దూరడమే కష్టమైంది. ఎంత లాగి కట్టానో అప్పుడు తెలిసింది, చర్మానికీ టేపుకూ మధ్య కత్తెర పట్టడం లేదు. ముందువైపు పైనుంచి కిందికి తెగింది కానీ వెనకవైపు అంటుకునే ఉంది. తెగితే కాలు వదులవుతుందనుకున్నాను. కాలేదు. పిక్క చెక్కలా బిగుసుకుపోయి, టేపు వరసలన్నీ దాని మీద అచ్చు పడి ఉన్నాయి. దాన్ని ఎత్తుకునే ఆటో దగ్గరికి పరుగెత్తాను. పాయింట్లు, కమిటీ, జట్టు, అవేవీ నా తలలో లేవు. కాలు ఉంటుందా పోతుందా అన్నదొక్కటే ఉంది. పిల్ల నా భుజం మీద తల పెట్టుకుని, మ్యాచ్ ఎట్ల మేడం అని అడిగింది.

దవాఖానలో డ్యూటీ డాక్టరు కుర్రవాడే. వేళ్ళను మెల్లగా వెనక్కి వంచాడు, పిక్క నొక్కాడు, సూదితో అక్కడక్కడా తాకి చూశాడు. ముఖం మారింది. ఎన్నింటికి కట్టారని అడిగితే ఏడింటికి అన్నాను. గడియారం చూసుకున్నాడు, అప్పుడు నాలుగున్నర. ఫోను తీసి పెద్ద డాక్టరుతో ఇంగ్లీషులో గబగబా మాట్లాడాడు. గంటలోపు ఆపరేషన్ చెయ్యకపోతే కాలు దక్కదన్నది నాకు అర్థమైంది. చేసినా ఎంత దక్కుతుందో చెప్పలేమన్నది కూడా అర్థమైంది. తరవాత వెనకవైపు అంటుకున్న టేపును పీకి ట్రేలో వేసి, మా ఇద్దరివైపూ చూశాడు.

"ఎవరు కట్టిన్రు ఇది?"

నేను నోరు తెరిచాను. ఆ సంగతి నేను ప్రమాణం చేసి చెప్పగలను, నోరైతే తెరిచాను.

"నేనే సార్" అంది పిల్ల. "ఫోన్ల చూసి కట్టుకున్న."

డాక్టరు దాన్ని తిట్టాడు. ఫోన్లు చూసి కాళ్ళు పోగొట్టుకుంటాన్రు, ఇంట్ల చెప్పరు, టీచర్లకు చెప్పరు అని తిట్టాడు. తిడుతూనే కాగితం మీద రాసుకున్నాడు. అది తల వంచుకుని ఆ తిట్లన్నీ పడింది. పక్కన నేను స్కూలు పేరున్న ట్రాక్‌సూట్ వేసుకుని, చేతిలో టేపు చుట్టలున్న సంచి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడే చెప్పొచ్చు. ముందు ఆపరేషన్ కానీ, ఇప్పుడు చెబితే ఆలస్యమవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పడానికి పట్టేది రెండు క్షణాలు. భయపడ్డాను, అంతే. దానికి ఇంకో పేరు లేదు.

ఫోన్ చేస్తే తల్లి కొత్తవాడ నుంచి ఆటోలో వచ్చింది. మగ్గం మీంచి లేచి అట్లాగే వచ్చినట్టుంది, జుట్టు నిండా నూలు పీచు. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు. ఆమె దాన్ని తిప్పి చూసి నా చేతికిచ్చింది.

"ఇండ్ల ఏమున్నది మేడం? నాకు ఇంగ్లీషు రాదు. జర చదివి చెప్పున్రి."

చదివాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి, వేలు పెట్టి చూపిస్తూ, తరగతిలో పాఠం చెప్పినట్టు ఒక్కో వాక్యమూ చదివాను. పిక్కకు గట్టి కట్టు కట్టినందువల్ల లోపల నెత్తురు ఆగింది. కట్టు పేషెంటు తనకు తానే కట్టుకుంది. కాలు తీసివేయాల్సి వచ్చే ప్రమాదం కూడా ఉందని చెప్పారు. చివరి వాక్యం దగ్గర ఆమె నా మణికట్టు పట్టుకుంది. సంతకం పెట్టిన తరవాత కూడా వదల్లేదు. స్ట్రెచర్ లోపలికి పోయాక ఇద్దరం ఒకే బెంచీ మీద అట్లాగే కూర్చున్నాం. నేను ఖురాన్ ఆయతులు చదువుకున్నాను, ఆమె ఎల్లమ్మ తల్లికి మొక్కుకుంది.

కాలు దక్కింది. పిక్కకు రెండు వైపులా పొడుగ్గా కోసి, లోపలి పొరను కూడా చీల్చి, వాపు తగ్గేదాకా గాయాలను కుట్టకుండా వదిలేశారు. కుట్టడానికి వారం పట్టింది. చచ్చిపోయిన కండ కొంత తీసేశారు. ఇప్పుడు అది నడుస్తుంది, ఇంటర్ కాలేజీకి వెళుతోంది. తొందరగా నడిస్తే ఎడమ పాదం నేల మీద టపటపమని చప్పుడవుతుంది. కబడ్డీ ఆడదు. స్కూల్లోనూ ఫోన్ కథే చెలామణి అయింది. హెడ్మిస్ట్రెస్ ప్రార్థన సమయంలో, సొంత వైద్యాలు చేసుకోవద్దని పిల్లలకు ఉపన్యాసం ఇచ్చింది. కొన్నాళ్ళు నేను మనసులో ఆ తల్లి రాసిన నూనె మీద నెపం నెట్టాను. నూనె లేకపోతే సందు వదిలి కట్టేదాన్ని కదా అనుకున్నాను. అది కూడా చేశాను.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు సాయంత్రం వార్డుకు వెళ్ళాను. తల్లి ఫ్లాస్కు తీసుకుని చాయ్ తేవడానికి బయటికి వెళ్ళింది. కాలు తలగడల మీద ఎత్తి పెట్టి ఉంది, మోకాలి నుంచి కింది దాకా గాజుగుడ్డ. నేను మంచం పక్కన కూర్చుని గొంతు తగ్గించి అడిగాను.

"ఎందుకే అట్ల చెప్పినవ్?"

అది సీలింగు వైపు చూస్తూ చెప్పింది.

"మిమ్మల్ని తీసేస్తరు గద మేడం. మళ్ల మాకు ఆట ఎవరు నేర్పిస్తరు?"

ఇంకా ఆడతాననే అనుకుంటోంది. డాక్టరు నాతో ఏం చెప్పాడో దానికి తెలియదు. మీ అమ్మకు ఇప్పుడే చెబుతా బిడ్డా అన్నాను. వద్దన్నట్టు తల ఊపింది. లేదు, చెబుతా అన్నాను. ఈసారి గట్టిగానే అనుకున్నాను, ఆమె రాగానే మొదటి మాట అదే అనుకున్నాను.

తల్లి వచ్చింది. ముందు నాకే చాయ్ పోసి ఇచ్చింది. కూతురి నుదుటి మీది జుట్టు వెనక్కి తోసి, నా పక్కన స్టూలు మీద కూర్చుంది. నాలుగు రోజులుగా నిద్ర లేని కళ్ళు. నేను గ్లాసు కింద పెట్టి, అమ్మా అని మొదలుపెట్టాను. ఆమె తన ఆలోచనలోనే ఉంది, నా మాట వినపడలేదు.

"దీనికి కట్టుడు రాదు మేడం" అంది. "ఎన్నడన్న కట్టిందా, చేసిందా. మీరు అక్కడనే ఉంటిరి, అడిగితే మీరు కట్టకపోదురా? మంచిగ కడుదురు, ఇంత దూరం రాకపోవు. ఇగ నుంచి ఏ దెబ్బ తాకినా దీనికి మీరే కట్టున్రి మేడం. ఇంకెవ్వలను ముట్టనియ్యకున్రి."

పిల్ల నావైపు చూస్తోంది.

"అట్లనే అమ్మా" అన్నాను.